శనివారం లోపు టోకెన్ ఇమ్మంటున్నారు: హొరమావు ఫ్లాట్, సలహా కావాలి

మల్లెతీగ
సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. తొమ్మిదేళ్ళుగా బెంగుళూరులో ఉంటున్నాం, ఇప్పుడు రామమూర్తి నగర్‌లో అద్దెకు. బాబు వచ్చే ఏడు ఒకటో తరగతికి వెళ్తాడు. ఇక ఇళ్ళు మారే పని వద్దనుకుని మూడు నెలలుగా ఫ్లాట్లు చూస్తున్నాం. నిన్న హొరమావులో ఒకటి నచ్చింది. రెండు సైట్లు కలిపి కట్టిన కొత్త బిల్డింగు, 60 బై 80. కింద స్తంభాల మధ్య స్టిల్ట్ పార్కింగు, పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకు మూడు చొప్పున 12 ఫ్లాట్లు. మాకు చూపించింది నాలుగో అంతస్తులో తూర్పు ముఖం డబుల్ బెడ్‌రూమ్, 1,320 చదరపు అడుగులు. ధర 78 లక్షలు, జీఎస్టీ వేరే. పొద్దున ఎండ నేరుగా పూజ గదిలోకి పడుతుంది. అత్తయ్య అది చూసి అక్కడే కూర్చుండిపోయారు.

బిల్డర్ తరఫున మాట్లాడే ఆయన మదనపల్లె వైపు వారట. ఈ-ఖాతా ఉంది, లోన్ వస్తుంది, ఓసీకి (ప్లాన్ ప్రకారం కట్టారు, కాపురం ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) అప్లై చేశాం అన్నారు. ఆదివారం ఇంకో పార్టీ వస్తోంది, శనివారం లోపు 2 లక్షలు టోకెన్ ఇస్తే మీకే ఉంచుతాం అంటున్నారు. మా ఆయన ఇచ్చేద్దాం అంటున్నారు. నాకే ఎందుకో టెన్షన్‌గా ఉంది. ఏమేం అడగాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

వేదిక నిర్వాహకులు
సోమవారం, రాత్రి 10:31

మల్లెతీగ గారూ, బిల్డర్ పేరు, ఫోన్ నంబర్లు ఇక్కడ రాయకండి. మిగతావాళ్ళు కూడా ఈ మాట గుర్తుంచుకోండి.

హిందూపురం వకీలు
సోమవారం, రాత్రి 11:05

అమ్మా, డబ్బు ఇచ్చాక కాగితాలు అడిగితే మన గొంతు లేవదు. ఇవ్వకముందు అడిగితే వాళ్ళే తెచ్చి చూపిస్తారు. శనివారం సంగతి పక్కన పెట్టి, రేపు పొద్దున్నే ఆయనకు ఫోన్ చేసి కాగితాలు పంపమనండి. ఒక్కో పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే సరిపోదు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా స్కాన్ కావాలి.

మొదట స్థలానికి మూల పత్రం, దాన్నే ఇక్కడ మదర్ డీడ్ అంటారు. ఆ నేల మొదట ఎవరిది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఈ గొలుసులో ఒక్క లంకె కూడా తెగకూడదు. ఒకప్పుడు పొలమై ఉంటే దాన్ని ఇళ్ళ స్థలంగా మార్చిన డీసీ (కలెక్టరు) కన్వర్షన్ ఆర్డరు ఉండాలి. స్థలం బిల్డర్ సొంతమా, లేక ఓనరుతో జాయింట్ డెవలప్‌మెంటా అని సూటిగా అడగండి. జాయింట్ అయితే ఏ ఫ్లాటు ఎవరి వాటాకు వచ్చిందో రాసుకున్న షేరింగ్ అగ్రిమెంటు ఉంటుంది. ఓనరు వాటాలో ఉన్న ఫ్లాటును బిల్డర్ అమ్మేసిన తగాదాలు నేను చూశాను.

ఇక ఈ-ఖాతా. 2024 అక్టోబరులో అప్పటి బెంగుళూరు కార్పొరేషన్ బీబీఎంపీ పరిధిలో రిజిస్ట్రేషన్‌కు అది తప్పనిసరి అయినప్పటి నుంచి ఇల్లు అమ్మే ప్రతివాళ్ళూ మొదట చెప్పేది ఆ మాటే. ఈ-ఖాతా అంటే ఖాతా (కార్పొరేషన్ రాసుకునే ఆస్తి పన్ను రికార్డు) కంప్యూటర్‌లోకి ఎక్కిందని మాత్రమే. ‘ఎ’ ఖాతాకీ ఈ-ఖాతా వస్తుంది, ‘బి’ ఖాతాకీ వస్తుంది. ‘బి’ అంటే ఆస్తి సక్రమంగా ఉందని కాదు, పన్ను వసూలు కోసం విడిగా రాసుకున్న రిజిస్టరు. కాబట్టి ఆ కాగితం తెరిచి రెండు చూడండి: అది ‘ఎ’ నా ‘బి’ నా, స్థలానికా మీ ఫ్లాటుకా.

చివరగా ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఫ్లాటు నంబరు మీద ఈసీ తీస్తే ఏమీ ఉండదు, ఎందుకంటే ఆ ఫ్లాటు పుట్టిందే నిన్న. ఆ నేల మీద ఈసీ తీయండి, కనీసం ముప్పై ఏళ్ళది. రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి వెబ్‌సైట్‌లో 2004 నుంచి ఉన్న లావాదేవీలు దొరుకుతాయి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. వాళ్ళు ఇచ్చిన ఈసీ మీద ఆధారపడకుండా మీరే అప్లై చేయండి, ఖర్చు పెద్దగా ఉండదు.

సైట్ ఇంజినీర్
మంగళవారం, ఉదయం 7:15

మల్లెతీగ గారూ, మీరు రాసిన కొలతల్లోనే నాకు రెండు మూడు విషయాలు కనపడుతున్నాయి. 60 బై 80 అంటే 4,800 చదరపు అడుగులు, అంటే 446 చదరపు మీటర్లు. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోతే ప్రాజెక్టును రిజిస్టరు చేయనక్కర్లేదు. ఈ కొలతలో ఇన్ని బిల్డింగులు లేవడానికి ఒక కారణం అదే. రెరా సైట్‌లో వెతికితే మీకు ఏమీ దొరకదు. అది మోసం కాదు. కానీ పెద్ద ప్రాజెక్టులో రెరా చూసిపెట్టే ప్లానూ అనుమతులూ ఇక్కడ మీరే చూసుకోవాలి.

రెండోది, జీఎస్టీ. ఓసీ వచ్చాక అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు. జీఎస్టీ వేరే అని 5 శాతం అడుగుతున్నారంటే ఓసీ రాలేదన్న సంగతి వాళ్ళ లెక్కలోనే ఉంది. ‘అప్లై చేశాం’ అన్నది నాలుగేళ్ళ తర్వాత కూడా నిజంగానే ఉండే మాట. అప్లై చేసిన రసీదు, దానికి వచ్చిన జవాబు చూపించమనండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మంజూరైన ప్లాన్ తెప్పించుకుని, దాన్ని చేత్తో పట్టుకుని బిల్డింగు ముందు నిలబడండి. ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో లెక్కపెట్టండి, తర్వాత తల ఎత్తి లెక్కపెట్టండి. చుట్టూ ఎంత ఖాళీ వదలమన్నారో టేపుతో కొలవండి. పక్క బిల్డింగు కిటికీలోంచి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉంటే మీకు అక్కడే తెలిసిపోతుంది.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఓసీ చూశాకే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇవ్వాలి, బ్యాంకులు కూడా ఓసీ చూశాకే లోన్ ఇవ్వాలి అని. బిల్డింగులో ఇప్పుడున్న కరెంటు కట్టుబడి కోసం తీసుకున్న తాత్కాలిక కనెక్షనా, ఫ్లాటు ఫ్లాటుకూ మీటర్లు వచ్చాయా? కిందకు వెళ్ళి మీటర్ బోర్డు చూడండి. ఈ పనికి అయిదు నిమిషాలు చాలు.

లెక్కల మాస్టారు
మంగళవారం, ఉదయం 9:40

అమ్మాయీ, డబ్బు సంగతి నేను చెప్తాను. 78 లక్షలు అనుకుని ఇంట్లో లెక్క వేసుకుని ఉంటారు. లోన్ 30 నుంచి 75 లక్షల మధ్య ఉంటే బ్యాంకు ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 80 శాతం, అంటే 62 లక్షల 40 వేలు. మిగతా 15 లక్షల 60 వేలు మీ చేతి నుంచి. కర్ణాటకలో స్టాంపు డ్యూటీ, సెస్సు, సర్‌చార్జి కలిపి 5.6 శాతం. 2025 ఆగస్టు చివరి నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 1 నుంచి 2 శాతం అయింది. మొత్తం 7.6 శాతం, అంటే 5 లక్షల 93 వేలు. దీన్ని లోన్‌లో కలపరు. జీఎస్టీ 3 లక్షల 90 వేలు. ఇప్పటికే 25 లక్షలు దాటింది. ఇంకా వార్డ్‌రోబులు, కిచెన్, ఫ్యాన్లు, ఆరు నెలల మెయింటెనెన్స్ రాలేదు. గృహప్రవేశానికి ఊరి నుంచి వచ్చే చుట్టాల ఖర్చు కూడా రాసుకోండి, అదేమీ చిన్న మొత్తం కాదు.

ఇంకోటి. 1,320 అన్నది సూపర్ బిల్టప్, అంటే మెట్ల లాంటి ఉమ్మడి జాగాల్లో వాటా కూడా కలిపింది. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి గోడల లోపలి నేల, ఎంతో అడిగారా?

మల్లెతీగ
మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. పొద్దున ఫోన్ చేశాను. కార్పెట్ 905 అన్నారు. కాగితాలు సాయంత్రం పంపుతామన్నారు. ‘ఇన్ని అడుగుతున్నారేమిటమ్మా, మనం మనం ఒకటే కదా’ అన్నారు. ఆ మాటకు ఏం చెప్పాలో తోచలేదు.

లెక్కల మాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 1:25

905 తో భాగిస్తే చదరపు అడుగు 8,619 పడుతుంది. సూపర్ బిల్టప్ లెక్కలో 5,909 అనిపించింది. మీరు చూసిన మిగతా ఫ్లాట్లను కూడా కార్పెట్ మీదే లెక్కవేసి పోల్చుకోండి.

మనం మనం ఒకటే అన్న ఆయనకు ‘ఒకటే కాబట్టే అడుగుతున్నాను అన్నా, వేరేవాళ్ళయితే వకీలును పంపేదాన్ని’ అని చెప్పండి. నొచ్చుకోరు.

సర్జాపుర వాసి
మంగళవారం, రాత్రి 8:50

కాగితాల సంగతి పెద్దవాళ్ళు చెప్పారు. నేను నీళ్ళ గురించి రాస్తాను.

2022 సెప్టెంబరు మొదటి వారంలో మా వీధి మునిగింది. మాది సర్జాపుర రోడ్డు లోపలి లేఔట్‌లో గ్రౌండ్ ఫ్లోరు. నీళ్ళు వీధిలోంచి వస్తాయని గుమ్మం దగ్గర ఇసుక బస్తాలు వేసి కూర్చున్నాం. తెల్లవారుజామున మూడింటికి మా ఆవిడ బాత్రూమ్‌లో బుడబుడమని శబ్దం వస్తోందని లేపింది. వెళ్ళి చూస్తే నేల మీద జాలీలోంచి నల్లటి నీళ్ళు పైకి తన్నుకొస్తున్నాయి. గుమ్మం పొడిగానే ఉంది. గంటలో మంచం కోళ్ళు మునిగాయి. అమ్మను రెండిళ్ళ అవతల మొదటి అంతస్తుకు ఎత్తుకెళ్ళాను. ఆ వారం మా చుట్టుపక్కల ఆఫీసులకు ట్రాక్టర్ల మీద వెళ్ళారు, పేపర్లలో చూసే ఉంటారు.

తర్వాత పాత గ్రామ పటం తెప్పించుకుని చూస్తే మా వీధి పక్కనుంచే రాజకాలువ (వాన నీళ్ళు పోయే కాలువ) గీత ఉంది. నేల మీద మాత్రం అక్కడ కాలువ లేదు, మూడడుగుల మోరీ ఉంది. ఇల్లు కొనేటప్పుడు ఆ పటం చూడాలన్న సంగతే నాకు తెలియదు.

హొరమావు వైపు కూడా పల్లం ఉంది. 2025 మేలో సాయి లేఔట్ ఎలా మునిగిందో గుర్తుండే ఉంటుంది. మీరు చూసిన బిల్డింగు అక్కడికి దగ్గరో దూరమో నాకు తెలియదు. దిశాంక్ అని కర్ణాటక ప్రభుత్వ యాప్ ఉంది. ఆ స్థలంలో నిలబడి తెరిస్తే సర్వే నంబరు, చుట్టూ ఉన్న చెరువులు, కాలువలు చూపిస్తుంది. ఇప్పుడున్న మాస్టర్ ప్లాన్ ప్రకారం పెద్ద రాజకాలువ మధ్య నుంచి 50 మీటర్లు, రెండో రకానికి 25, మూడో రకానికి 15, చెరువు అంచు నుంచి 30 మీటర్లు వదలాలి. 2016లో గ్రీన్ ట్రిబ్యునల్ చెరువుల దగ్గర 75 మీటర్లకు పెంచింది గానీ 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బ్రోకర్లు రెండు లెక్కలూ కలిపి తికమక పెడతారు, జాగ్రత్త.

యాప్ చూశాక ఇంకో పని చేయండి. వాన పడిన రోజు సాయంత్రం వెళ్ళండి. వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్నో, కిరాణా కొట్టు ఆవిడనో అడగండి, నీళ్ళు ఎంత దాకా వస్తాయి అని. వాళ్ళు చేత్తో చూపిస్తారు, ఇక్కడి దాకా అని.

నెల్లూరు నాగమణి
మంగళవారం, రాత్రి 9:30

వేసవి నీళ్ళ గురించి కూడా అడగండి అక్కా. కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. వీధిలో పైపు ఉండటం వేరు, బిల్డింగుకు కనెక్షన్ ఉండటం వేరు. మా దగ్గర పైపు గేటు ముందే ఉంది, మాకు కనెక్షన్ లేదు. బోరు ఎండితే ట్యాంకరే. పక్క అపార్ట్‌మెంటు సెక్రటరీని మార్చి, ఏప్రిల్ నెలల ట్యాంకరు బిల్లు ఎంతయిందో అడిగితే చెప్తారు.

పాకాల వాసి
బుధవారం, ఉదయం 6:55

అందరూ చెప్పింది సబబే గానీ నాదొక మాట. నేను 2012లో కేఆర్ పురంలో ‘బి’ ఖాతా ఫ్లాటు కొన్నాను. ఓసీ లేదు. నా జీతానికి అప్పట్లో దొరికింది అదే. పిల్లలిద్దరూ అక్కడే పెరిగారు, పెద్దది ఇప్పుడు ఇంజినీరింగ్. ఎవరూ వచ్చి కూల్చలేదు, ఎవరూ ఖాళీ చేయమనలేదు. ఈ ఊళ్ళో సగం మంది ఇలాంటి ఇళ్ళల్లోనే ఉన్నట్టు నాకనిపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్న ఫ్లాటే కొనాలంటే మాలాంటివాళ్ళు జన్మంతా అద్దె కట్టుకుంటూ ఉండాల్సిందే. అక్రమ కట్టడాలను సక్రమం చేసే అక్రమ సక్రమ పథకం లాంటిది ఏదో ఒకటి వస్తుంది, అందరివీ ఒకేసారి సరిచేస్తారు. అమ్మాయిని మరీ భయపెట్టకండి.

హిందూపురం వకీలు
బుధవారం, ఉదయం 8:20

పాకాల అన్నా, మీ మాట కొట్టిపారేయను. అప్పుడు మీకున్న దారి అదే. ఆ ఇంట్లో పిల్లలు పెరిగారు, అంతకంటే ఏం కావాలి. కానీ రెండు సంగతులు. అక్రమ సక్రమ మీద 2017 జనవరిలోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, దాన్ని నమ్ముకుని ఇప్పుడు కొత్తగా కొనడం మంచిది కాదు. రేపు ‘ఎ’ చేస్తారు, ఎల్లుండి చేస్తారు అన్న మాటకు ఈ రోజు ‘ఎ’ ఖాతా ధర కట్టకూడదు. చేసిన రోజున చూసుకోవచ్చు. మీరు 2012లో ‘బి’ ఖాతా అని తెలిసి, ‘బి’ ఖాతా ధరకే కొన్నారు. ఈ అమ్మాయిని 78 లక్షలు అడుగుతున్నారు.

ఇంకోటి కూడా దాచకుండా చెప్పండి అన్నా. అమ్మాలని ఎప్పుడైనా చూశారా?

పాకాల వాసి
బుధవారం, ఉదయం 8:45

చూశాను. పోయిన ఏడాది. పెద్దదాని ఫీజుల కోసం. ముగ్గురు వచ్చారు, ముగ్గురికీ ఇల్లు నచ్చింది. ముగ్గురి బ్యాంకులూ కాదన్నాయి. ఒక ఫైనాన్స్ కంపెనీ ఇస్తామంది, ఆ వడ్డీ విని మూడో ఆయన వెనక్కి తగ్గారు. చివరికి ఊళ్ళో పొలం అమ్మి ఫీజు కట్టాను. ఆ సంగతి నేను పొద్దున రాసి ఉండాల్సింది. అమ్మాయీ, పెద్దవాళ్ళు చెప్పినట్టే చెయ్యి.

వైట్‌ఫీల్డ్ 2014
బుధవారం, ఉదయం 11:30

మల్లెతీగ గారు ఇది వదిలేసి పెద్ద ప్రాజెక్టు వైపు వెళ్తే అప్పుడు పనికొస్తుందని రాస్తున్నా. రెరా నంబరు ఉంది కదా అని మేం ధీమాగా ఉన్నాం. మాది మూడేళ్ళు ఆలస్యమైంది. ఇటు అద్దె, అటు ఈఎంఐ. రెరాకు వెళ్ళాం, ఎస్‌బీఐ వడ్డీ రేటుకు 2 శాతం కలిపి ఆలస్యానికి వడ్డీ కట్టమని ఆర్డరు వచ్చింది. బిల్డర్ కట్టలేదు. చేతిలో ఆర్డరు ఉంది, డబ్బు లేదు, వసూలు కోసం మళ్ళీ తిరుగుడు. కాబట్టి నంబరు చూసి ఆగకండి. రెరా సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరిచి మూడు నెలలకోసారి పెట్టాల్సిన పని వివరాలు పెట్టారా, గడువు ఎన్నిసార్లు పొడిగించారు, అదే బిల్డర్ పాత ప్రాజెక్టుల మీద ఎన్ని ఫిర్యాదులున్నాయి చూడండి. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. మా దగ్గర 20 తీసుకున్నారు, మాకు అప్పుడు తెలియదు.

బ్యాంకు అప్రూవ్ చేసిన ప్రాజెక్టు అనే బోర్డు చూసి కూడా మేం మోసపోయాం. బ్యాంకు వకీలు చూసేది బ్యాంకు డబ్బుకు ఇబ్బంది ఉందా అని. మన కోసం మనం వేరే వకీలును పెట్టుకోవాలి.

మల్లెతీగ
బుధవారం, రాత్రి 10:40

కాగితాలు వచ్చాయి. కొన్నే. ఇద్దరం బాబును పడుకోబెట్టి రెండు గంటలు కూర్చున్నాం.

ఈ-ఖాతాలు రెండు పంపారు, ఒక్కో సైటుకు ఒకటి. రెండూ ‘ఎ’. కానీ స్థలానికే, ఫ్లాటుకు లేదు. ప్లాన్లు కూడా రెండు వచ్చాయి. రెండింటిలోనూ ఒక్కో ఇల్లు, స్టిల్ట్ మీద మూడు అంతస్తులు మాత్రమే. నాలుగో అంతస్తు దేంట్లోనూ లేదు. అంటే అత్తయ్య కూర్చున్న పూజ గది కాగితం మీద అసలు లేదు. ఇది చూశాక మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈసీ కావేరిలో నేనే అప్లై చేశాను, రాగానే పెడతాను. సేల్ అగ్రిమెంటు నమూనా కూడా పంపారు. అందులో స్థలంలో మా ఫ్లాటుకు వచ్చే అవిభాజ్య వాటా 300 చదరపు అడుగులు అని ఉంది. ఇది సరిపోతుందా?

సైట్ ఇంజినీర్
బుధవారం, రాత్రి 11:15

నేను భయపడ్డదే జరిగింది. రెండు ఇళ్ళకు రెండు ప్లాన్లు తీసుకుని, మధ్య గోడ లేకుండా ఒకే అపార్ట్‌మెంటు కట్టారు. ఖాతాలు కలపలేదు, అపార్ట్‌మెంటుకు ప్లాన్ లేదు. ఇలా కట్టినదానికి ఓసీ వచ్చే దారి నాకు కనపడటం లేదు. మీది నాలుగో అంతస్తు కాబట్టి ఇంకా కష్టం.

వాటా లెక్క చూడండి. 12 ఫ్లాట్లకు 300 చొప్పున 3,600. స్థలం 4,800. మిగిలిన 1,200 ఎవరి పేరున ఉంటుంది? అగ్రిమెంటులో టెర్రస్ హక్కులు ఎవరివని రాశారో వెతకండి. ఇంకో అంతస్తు వేసే ఉద్దేశం ఉంటేనే సాధారణంగా ఇలా మిగుల్చుకుంటారు. పునాది ఎన్ని అంతస్తులకు వేశారో ఎవరికి తెలుసు? నాకు అన్నిటికంటే గుండె ఝల్లుమనేది ఇక్కడే.

పార్కింగు గురించి కూడా ఒక మాట. స్టిల్ట్ పార్కింగును విడిగా అమ్మే హక్కు బిల్డర్‌కు లేదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దానికి వేరే డబ్బు అడిగారా?

మల్లెతీగ
గురువారం, ఉదయం 7:05

అడిగారు, 3 లక్షలు. టెర్రస్ హక్కులు ‘విక్రేత వద్దే ఉంటాయి’ అని 14వ పేజీలో ఉంది. నిన్న చదివాం గానీ అర్థం తెలియక దాటేశాం.

మల్లెతీగ
శుక్రవారం, సాయంత్రం 6:30

ఈసీ వచ్చింది. కన్నడలో ఉంది. అక్షరాలు మనవాటిలాగే ఉంటాయి కాబట్టి వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతున్నాను. ‘ఋణభార’, ‘క్రయపత్ర’ అర్థమయ్యాయి. 2023లో ఒక వరుసలో రెండు సైట్ల నంబర్లూ ఉన్నాయి, ఒక ఫైనాన్స్ సంస్థ పేరుంది, పక్కన ‘అడమాన’ అని ఉంది. ఆ మాట మనకు లేదు. ఏమిటది?

హిందూపురం వకీలు
శుక్రవారం, సాయంత్రం 6:42

తనఖా.

ఆ వరుస తర్వాత దాన్ని విడిపించినట్టు ఎంట్రీ ఉందా? కింద దాకా చూడండి.

మల్లెతీగ
శుక్రవారం, సాయంత్రం 6:50

లేదు. అదే చివరి వరుస.

హిందూపురం వకీలు
శుక్రవారం, సాయంత్రం 7:20

అంటే ఆ నేల ఈ రోజుకీ తాకట్టులోనే ఉంది. బిల్డర్లు అప్పు తెచ్చి కట్టడం తప్పు కాదు, చాలామంది చేస్తారు. కానీ మీకు చెప్పకపోవడం తప్పు. మీ ఫ్లాటును తనఖా నుంచి విడుదల చేస్తున్నామని ఆ సంస్థ రాతపూర్వకంగా ఇవ్వకుండా కొంటే, రేపు బిల్డర్ అప్పు ఎగ్గొడితే వాళ్ళు మీ తలుపు కొడతారు.

చదివేవాళ్ళ కోసం ఇంకొక్కటి. ఈసీలో కనపడేది రిజిస్టరైనవే. కోర్టు కేసులు, రిజిస్టరు కాని అగ్రిమెంట్లు అందులో రావు. అమ్మేవాళ్ళ పేర్లతో ఈ-కోర్ట్స్ సైట్‌లో వెతకండి. పొలం ఒక కుటుంబం నుంచి వచ్చి ఉంటే వంశవృక్షం తెప్పించి ఆడపిల్లలందరూ సంతకం పెట్టారా చూడండి. 2005 సవరణ తర్వాత పిత్రార్జితంలో కూతుళ్ళకూ కొడుకులతో సమానంగా హక్కు ఉంది. అన్నదమ్ములు మాత్రమే సంతకం పెట్టి అమ్మిన నేల మీద, అపార్ట్‌మెంటు లేచి అందరూ కాపురాలు పెట్టాక, అక్కచెల్లెళ్ళ దావా వచ్చిన సందర్భాలు ఈ ఊళ్ళో ఉన్నాయి. ‘హక్కు ఖులాసె’ అని కన్నడలో ఉంటే హక్కు వదులుకున్నారని అర్థం. ఎవరెవరు వదులుకున్నారో పేర్లు లెక్కపెట్టుకోండి.

జీపీఏ (ఓనరు ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద కొనమంటే అసలు కూర్చోకండి, లేచి వచ్చేయండి. జీపీఏతో హక్కు మారదని 2011లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

లెక్కల మాస్టారు
శుక్రవారం, రాత్రి 8:05

ఎవరైనా ఎక్కడైనా టోకెన్ ఇవ్వాల్సి వస్తే బ్యాంకు ద్వారానే ఇవ్వండి, నగదు వద్దు. ఆస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్ళకు అంతే మొత్తం జరిమానా పడొచ్చు. రసీదు మీద ‘టైటిల్‌లో గానీ అనుమతుల్లో గానీ లోపం తేలితే, లేదా బ్యాంకు లోన్ నిరాకరిస్తే, పూర్తి మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇస్తాం’ అని రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఒప్పుకోనివాళ్ళకు డబ్బు ఇవ్వకండి. ఫ్లాటు 50 లక్షలు, అంతకు మించి ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ళకు ఇచ్చే ధరలోంచి పట్టుకునే ఆదాయపు పన్ను) కొనేవాళ్ళే కట్టాలి, చాలామంది మర్చిపోయి తర్వాత నోటీసు వచ్చాక పరిగెడతారు. అమ్మేవాళ్ళు అమెరికాలోనో దుబాయిలోనో ఉంటే ఆ 1 శాతం లెక్క కాదు, ఇంకా ఎక్కువ పట్టుకోవాలి. అప్పుడు ముందుగా ఆడిటర్ దగ్గరకు వెళ్ళండి.

మల్లెతీగ
శనివారం, మధ్యాహ్నం 12:15

వద్దని చెప్పేశాం. మా ఆయనే ఫోన్ చేశారు. మొదట ధర 4 లక్షలు తగ్గిస్తామన్నారు. తనఖా సంగతి అడిగితే ‘అది మామూలే, నెలలో తీరుస్తాం’ అన్నారు. తీర్చాక పిలవండి, అప్పుడు నాలుగో అంతస్తు గురించి మాట్లాడదాం అన్నారు మా ఆయన. ఆ తర్వాత వాళ్ళ దగ్గర నుంచి మాట లేదు.

అత్తయ్యకు చెప్పడం కష్టమైంది. ప్లాన్ తీసి ఆమె ముందు పరిచాను. అమ్మా ఇది మొదటి అంతస్తు, ఇది రెండు, ఇది మూడు అని చూపించాను. తర్వాత అత్తయ్య కాగితం తిప్పారు, వెనక వైపు ఏమైనా ఉందేమోనని.

కొత్త సభ్యుడు 3117
శనివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నేను నెలగా ఈ వేదిక చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది కర్నూలు, బానసవాడిలో ఉంటాం. రేపు ఆదివారం హొరమావులో 60 బై 80 బిల్డింగులో నాలుగో అంతస్తు తూర్పు ముఖం ఫ్లాటు చూడటానికి వెళ్ళాలి. ధర 78 లక్షలు. ‘శనివారం ఒక పార్టీ టోకెన్ ఇస్తోంది, మీరు ఈ రోజే 2 లక్షలు వేస్తే మీకే ఉంచుతాం’ అని ఇప్పుడు ఫోన్ వచ్చింది. చెక్కు రాసి పెట్టుకున్నాను. మల్లెతీగ గారూ, ఆ ఇంకో పార్టీ మేమేనా?

మల్లెతీగ
శనివారం, రాత్రి 9:58

మీరే అనుకుంటాను అన్నా. చెక్కు ఇవ్వకండి. నా దగ్గరున్న ప్లాన్లు, ఈసీ అన్నీ మీకు ప్రైవేటు మెసేజ్‌లో పంపుతున్నాను. ఈసీలో రెండో పేజీ చివరి వరుస చూడండి, ‘అడమాన’ అన్న మాట కింద నేను పెన్సిల్‌తో గీత గీశాను.

కొత్త సభ్యుడు 3117
శనివారం, రాత్రి 11:30

అందాయి. మా ఆవిడా నేనూ చదివాం. రేపు వెళ్ళడం లేదు.

బానసవాడిలో మా ఇంటి దగ్గర ఒక రీసేల్ ఫ్లాటు ఉంది, పదేళ్ళ బిల్డింగు, ఓసీ ఉందంటున్నారు. పాతదని మేం పక్కన పెట్టాం. మీకు వీలైతే వచ్చే వారం ఇద్దరం కలిసి దాని కాగితాలు చూద్దామా? బిల్డింగులో ఇంకో ఫ్లాటు కూడా అమ్మకానికి ఉందని వాచ్‌మన్ చెప్పాడు.

మల్లెతీగ
ఆదివారం, ఉదయం 7:40

తప్పకుండా. ముందు ఓసీ కాపీ తెప్పించండి అన్నా, ఇల్లు తర్వాత చూద్దాం. మా అత్తయ్యను ఈసారి కాగితాలు చూశాకే తీసుకెళ్తాను.